టిడ్కో బ్లాకులో ఇంటింటికీ రాయితీ ఇంటర్నెట్: లెక్క నుంచి కనెక్షన్ దాకా

కర్నూలులో జగన్నాథగట్టు మీద ఐఐఐటీడీఎం అనే కేంద్ర ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఉంది. ఆ గట్టు దగ్గరే టిడ్కో ఇళ్ల, అంటే పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన ఇళ్ల బ్లాకులు వరసగా కనిపిస్తాయి. సాయంత్రం ఆ బ్లాకుల మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఒకే మాట పదేపదే వినిపిస్తుంది: "డేటా అయిపోయింది." డీఎస్సీకి చదువుకునే అమ్మాయిదీ అదే మాట, సరుకులు మోసే ఆటో అన్నదీ అదే మాట. 2025 జనవరి 30న మన మిత్ర మొదలైనప్పటి నుంచి చాలా ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ కోసం తిరిగే పని తగ్గింది, కానీ దానికీ ఫోన్లో నెట్ ఉండాలి.

ఇలాంటి కాలనీలో ఇళ్లకు తక్కువ ధరకు ఇంటర్నెట్ తెప్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరిని అడగాలి, డబ్బు ఎలా తిప్పాలి అన్నది ఇందులో రాస్తున్నాను. ఒక్క విషయం ముందే చెబుతాను. పేద ఇళ్లు నెట్ పెట్టించుకోకపోవడానికి అసలు కారణం నెలవారీ ధర కాదు. మొదటి రోజు ఒకేసారి కట్టాల్సిన మొత్తం. రాయితీ ఆ మొత్తాన్ని తగ్గించకపోతే ఎంత ఇచ్చినా నిలవదు.

ముందు ఇంటింటి లెక్క

నోట్‌బుక్ ఒకటి తీసుకుని బ్లాకులో ప్రతి తలుపూ తట్టండి. గూగుల్ ఫారం పంపితే నెట్ ఉన్నవాళ్లే నింపుతారు. మనకు కావాల్సింది లేనివాళ్ల లెక్క.

"మీకు ఇంటర్నెట్ కావాలా?" అని అడగకండి. అందరూ కావాలనే అంటారు. "పోయిన నెలలో రీఛార్జికి ఎంతయింది, ఎన్ని ఫోన్లకు?" అని అడగండి. ఇంట్లో మూడు ఫోన్లున్నాయనుకుందాం. ఒక్కోదానికి 28 రోజులకు రూ.300 చొప్పున అయితే రూ.900. ఆ పైన మధ్యాహ్నానికే రోజు కోటా అయిపోతే వేసుకునే చిన్న చిన్న డేటా ప్యాకులు వేరే. ఈ లెక్క నోటితో చెప్పించేసరికి చాలామంది వదినలు వాళ్లే ఆశ్చర్యపోతారు, ఇంత పోతోందా అని.

రెండో ప్రశ్న, డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది? బేల్దారి పనికి వెళ్లేవాళ్లకు శనివారం, అపార్టుమెంట్లలో ఇంటిపని చేసేవాళ్లకు నెల మొదటి వారం, తోపుడుబండి వాళ్లకు ఏ రోజుది ఆ రోజు. మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలు కొన్ని నెలలు ఇంట్లోనే ఉండవు. ఇవన్నీ ఇంటి నంబరు పక్కనే రాసుకోండి. తర్వాత కట్టే తేదీలు పెట్టేటప్పుడు ఈ వరుసే పనికొస్తుంది.

మూడోది, ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే. మగవాళ్లు దాదాపు 49 శాతం. ఇంటి యజమానిని మాత్రమే అడిగితే "మా ఇంట్లో నెట్ ఉంది" అంటాడు. ఆ నెట్ ఆయన జేబులో ఆయనతో పాటే పనికి పోతుంది.

ఇంకో మాట తప్పక ఎదురవుతుంది. "నెట్ పెడితే పిల్లోడు చెడిపోతాడు కదన్నా?" దీన్ని కొట్టిపారేయకండి, అది తల్లి భయం. రాత్రి పది తర్వాత పిల్లల ఫోన్‌కు నెట్ ఆగిపోయేలా చాలా రూటర్లలో పెట్టుకోవచ్చని చెప్పండి. కనెక్షన్ వచ్చిన రోజే మీరు దగ్గరుండి అది చేసి చూపించండి.

డబ్బు ఎవరి చేతిలో

కాలనీలో కొత్తగా కమిటీ కట్టే ముందు పొదుపు సంఘాలను చూడండి. మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ కింద నడిచే సంఘాలకు బ్యాంకు ఖాతా ఉంటుంది, పుస్తకాలు ఉంటాయి, నెలనెలా కూర్చునే అలవాటు ఉంటుంది. ఆ సంఘాలను చూసుకునే ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్) అక్కతో మాట్లాడి, బ్లాకులోని రెండు మూడు సంఘాల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టండి. కంపెనీతో సంఘం పేరు మీద ఒప్పందం చేసుకోవాలన్నా, దాతల నుంచి డబ్బు తీసుకోవాలన్నా రిజిస్టర్ అయిన సంస్థ ఉండటం మేలు. నివాసుల సంఘాన్ని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, అందులో ఒకరు మహిళ అయితే మంచిది. ఇక్కడ ఇంతకంటే పెద్ద తతంగం అక్కర్లేదు.

మూడు దారులు, ఒక తప్పుదారి

మొదటిది, ఇంటింటికీ విడి ఫైబర్ కనెక్షన్. బీఎస్ఎన్ఎల్ అయినా ప్రైవేటు కంపెనీ అయినా, ఒక్క ఇల్లు అడిగితే ఇచ్చే ధర వేరు, ఇరవై ఇళ్లు కలిసి అడిగితే ఇచ్చే ధర వేరు. వాళ్లకు అసలు ఖర్చు బ్లాకు దాకా తీగ తేవడంలో ఉంటుంది. అక్కడి నుంచి ఇంటికి లాగడానికి అయ్యేది తక్కువ. బేరం చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రెండోది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా మొదలైనప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి నెలకు రూ.149కే ఇచ్చారు. తర్వాత ధరలు మారాయి. ఇది ఎక్కువగా స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా నడుస్తుంది కాబట్టి మీ కాలనీకి వచ్చే కేబుల్ అన్ననే అడగాలి. ఇంట్లో ఇప్పటికే కేబుల్ టీవీ బిల్లు కడుతుంటే, టీవీ, నెట్ రెండూ ఒకే బిల్లులోకి రావడం కలిసొస్తుంది.

మూడోది పీఎం-వాణి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పబ్లిక్ వైఫై పద్ధతి ఇది. కిరాణా కొట్టు, టీ కొట్టు, మన సంఘం కూడా పీడీఓగా, అంటే వైఫై కేంద్రంగా మారి చిన్న చిన్న ప్యాకులు అమ్మవచ్చు. దీనికి లైసెన్సు అక్కర్లేదు, రుసుమూ లేదు. పీడీఓఏ అనే నమోదైన సంస్థతో జతకట్టాలి, లాగిన్లు, లెక్కలు వాళ్లు చూసుకుంటారు. ఇంతకుముందు ఇలాంటి చిన్న కేంద్రాలకు కంపెనీలు వ్యాపార కనెక్షన్ ధర అడిగేవి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి కళ్లెం వేసింది. 200 ఎంబీపీఎస్ దాకా ఉన్న ఇంటి ప్లాన్ల ధరకు రెట్టింపు మించి పీడీఓల దగ్గర తీసుకోకూడదు. మిర్చి కోతలకు వెళ్లి వచ్చే కుటుంబాలకు, అద్దెకుండే ఒంటరి కూలీలకు నెలవారీ కనెక్షన్ కంటే ఇదే నయం. అందుకే నా సలహా, బ్లాకులో ఎక్కువ ఇళ్లకు విడి ఫైబర్, మెట్ల దగ్గర ఒక వాణి కేంద్రం, రెండూ పెట్టండి.

తప్పుదారి ఏమిటంటే, ఒకరి పేరున కనెక్షన్ తీసుకుని పది ఇళ్లకు తీగలు లాగి తలా వంద వసూలు చేయడం. సాయం చేస్తున్నామనుకునే చాలామంది ఇదే చేస్తారు. ఇది అనుమతి లేకుండా ఇంటర్నెట్ అమ్మడం కిందికి వస్తుంది. అంతకంటే పెద్ద టెన్షన్ మరొకటి ఉంది. ఆ తీగ మీద ఎవరైనా సైబర్ మోసం చేస్తే పోలీసులు మొదట తలుపు తట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే. పేదింటి మనిషిని ఆ ప్రమాదంలో పెట్టకండి.

కంపెనీతో మాట్లాడే రోజు

కనీసం మూడు చోట్ల ధర అడగండి. ధర కంటే ముందు ఈ మాటలు రాయించుకోండి: ఇన్‌స్టలేషన్ ఎంత, రూటర్ ఉచితమా డిపాజిటా, డిపాజిట్ అయితే తిరిగి ఎప్పుడు ఇస్తారు, ఎన్ని నెలల అడ్వాన్సు, కోటా దాటాక వేగం ఎంతకు పడిపోతుంది, జీఎస్టీతో కలిపి ఎంత. జీఎస్టీ 18 శాతం. రూ.400 ప్లాన్ అంటే చేతి నుంచి పోయేది రూ.472.

"మూడు నెలలు ఫ్రీ" అన్న మాటకు నేను ఒకసారి మోసపోయాను. ఒక ఏజెంటు మాట నమ్మి పదకొండు ఇళ్లవాళ్లతో సంతకాలు పెట్టించాను. నాలుగో నెల నుంచి వాళ్లందరికీ పెద్ద ప్లాన్ బిల్లు వచ్చింది. అడిగితే ఫారంలో చిన్న అక్షరాల్లో ఉందన్నారు. ఏడిళ్లు మానేశాయి. ఆ అక్కల ముందు తల ఎత్తుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అప్పటి నుంచి ఫారం మొత్తం బ్లాకు కింద కూర్చుని పైకి చదివి, తెలుగులో చెప్పాకే సంతకం పెట్టిస్తున్నాను.

తీగల విషయంలో టిడ్కో ఇళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇవి షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. గోడ ఇటుకది కాదు, మొత్తం కాంక్రీటు. మామూలు డ్రిల్లుతో బెజ్జం పడదు. బలవంతంగా కొడితే లోపలి ఇనుముకు తగులుతుంది, సరిగా పూడ్చకపోతే వానకు చెమ్మ దిగుతుంది. కాబట్టి ఒక్కో ఇంటికి ఒక్కో బెజ్జం కొట్టనివ్వకండి. మెట్ల పక్కన కింది నుంచి పై దాకా ఒకే పీవీసీ పైపు వేయించి, అంతస్తుకో పెట్టె పెట్టించి, కరెంటు తీగలు లోపలికి వెళ్లే దారినో కిటికీ చట్రం పక్క నుంచో ఇంట్లోకి తీయించండి. పైపు మన డబ్బుతో వేసుకుంటే అది సంఘం ఆస్తి అవుతుంది. రేపు ఈ కంపెనీ బాగోలేదనిపిస్తే ఇంకో కంపెనీ తీగ అదే పైపులో వస్తుంది. ఈ ఒక్క పని వల్ల బేరంలో మన మాటకు ఎంతో బలం వస్తుంది.

ఫైబర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. బ్లాకు దాకా వచ్చిన ఒకే తీగను ఎనిమిది ఇళ్లకో పదహారు ఇళ్లకో పంచే స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. మెట్ల దగ్గర నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ను ఇళ్లకు పంచే పెట్టె) పెట్టి రాగి తీగలు లాగుతామంటే ఒప్పుకోకండి. దానికి కామన్ మీటరు నుంచి కరెంటు కావాలి, ఆ బిల్లు మీద గొడవ మొదలవుతుంది. పైగా కర్నూలు ఎండకు మెట్ల కింది మూసిన పెట్టెలో స్విచ్‌లు ఎక్కువ కాలం ఉండవు.

కనెక్షన్ ఇచ్చే రోజు టెక్నీషియన్‌ను ప్రతి ఇంట్లో ఆప్టికల్ పవర్, అంటే తీగలో వచ్చే వెలుతురు బలం, డీబీఎంలలో కొలిచి కార్డు మీద రాయమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే బాగుంది. మైనస్ 27 దాటితే నెట్ తరచూ పోతుంది. తర్వాత ఫిర్యాదు చేసినప్పుడు "మొదటి రోజు ఇంత ఉంది, ఇప్పుడు ఇంత" అని చూపించడానికి ఆ అంకె ఒక్కటే సాక్ష్యం.

రాయితీని ఎలా మలచాలి

అసలు పని ఇక్కడుంది. అంకెలు ఊహించి చూద్దాం, మీరు మీ అంకెలు పెట్టుకోండి. ప్లాన్ జీఎస్టీతో రూ.472. ఆరు నెలల అడ్వాన్సు రూ.2,832. ఇన్‌స్టలేషన్ రూ.500, రూటర్ డిపాజిట్ రూ.1,000. మొదటి రోజు కట్టాల్సింది రూ.4,332. వారానికోసారి కూలి తీసుకునే ఇంట్లో ఈ మొత్తం ఒకేసారి రాదు. అందుకే నెలకు తొమ్మిది వందలు రీఛార్జికి పోస్తున్న ఇల్లు కూడా 472 ప్లాన్ తీసుకోలేకపోతోంది.

ఇరవై ఇళ్లు అనుకోండి. ఆ 4,332 మొత్తం సంఘం ఖాతాలో దాతల డబ్బుతో పెట్టుకున్న నిధి నుంచే కట్టేయండి (అది ఎక్కడ అడగాలో కింద చెబుతాను): రూ.86,640. మొదటి ఆరు నెలలు ఇంటికి నెలకు రూ.200 రాయితీ ఇచ్చి, మిగతా రూ.272 ఆ ఇల్లు నిధికి కడుతుంది. ఆరు నెలల్లో ఇరవై ఇళ్ల నుంచి రూ.32,640 తిరిగొస్తుంది. డిపాజిట్ల రూ.20,000 కంపెనీ దగ్గర మనదే. అంటే నిజంగా ఖర్చయింది రూ.34,000.

తర్వాతి ఆరు నెలలకు రాయితీ రూ.100కు తగ్గించండి. ఇల్లు కట్టేది రూ.372. మళ్లీ అడ్వాన్సుకు రూ.56,640 కావాలి. తిరిగొచ్చిన 32,640 పోను కొత్తగా వేయాల్సింది రూ.24,000. ఏడాది తిరిగేసరికి నిధిలో పెట్టింది మొత్తం రూ.1,10,640. చేతిలో తిరిగి ఉండేది రూ.44,640, డిపాజిట్లు రూ.20,000. ఖర్చు రూ.46,000. చేతికి తిరిగొచ్చిన డబ్బుతో పక్క బ్లాకులో పది ఇళ్లకు మొదటి రోజు మొత్తం కట్టవచ్చు. దాతను అడిగేటప్పుడు ఈ పట్టికే ముందు పెట్టండి. డబ్బు తిరుగుతుందని చూపిస్తే ఇచ్చేవాళ్ల మనసు మారుతుంది.

రెండు వందలు ఎందుకంటే, 2021 ఆగస్టులో ట్రాయ్ కేంద్రానికి చేసిన సిఫారసులో ఉన్న అంకె అదే. గ్రామాల్లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ బిల్లులో సగం, నెలకు గరిష్టంగా రూ.200 నేరుగా ఖాతాలో వేసి ప్రయోగాత్మకంగా చూడమని చెప్పింది. అర్జీలో దాన్ని చూపిస్తే మన మాట గాలిలోంచి వచ్చినట్లు ఉండదు.

రాయితీని మెల్లగా తగ్గించడం ఎందుకో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ పేద కుటుంబాలకు నెలకు 30 డాలర్ల దాకా ఇంటర్నెట్ రాయితీ ఇచ్చారు. 2 కోట్ల 30 లక్షలకు పైగా ఇళ్లు చేరాయి. నిధులు అయిపోవడంతో 2024 జూన్ 1న పథకం ఆగిపోయింది, ఒక్కసారిగా బిల్లు మొత్తం ఇళ్ల మీద పడింది. మన ఇరవై ఇళ్లకు అలా జరగకూడదు. ఎప్పుడు ఎంత తగ్గుతుందో మొదటి రోజే కాగితం మీద రాసి ప్రతి ఇంటికీ ఇవ్వండి.

వసూలు తేదీలు కూలి తేదీల ప్రకారమే పెట్టండి. శనివారం కూలి వచ్చే ఇంటి నుంచి ఆదివారం పొద్దున రూ.68, అలా నాలుగు వారాలు. సంఘం పొదుపు కట్టే రోజునే ఇదీ తీసుకుంటే వేరే తిరుగుడు ఉండదు. ఒక నెల కట్టలేకపోతే వెంటనే కత్తిరించకండి. ఆసుపత్రి ఖర్చో, పని లేకపోవడమో ఉంటుంది. ఒక నెల గడువు ఇచ్చి, సంఘంలో మాట్లాడి చూడండి.

నిధి కోసం ఎక్కడికి వెళ్లాలి

కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. మురికివాడల అభివృద్ధి, విద్య ఆ జాబితాలో ఉన్నాయి. అర్జీలో "ఇంటర్నెట్" అని పెద్దగా రాయడం కంటే "ఇరవై ఇళ్లలో చదువుకునే 26 మంది పిల్లలకు" అని మీ సర్వే అంకెతో మొదలుపెట్టండి. ఎంపీ నిధులు శాశ్వత ఆస్తులకే వాడతారు, నెలవారీ బిల్లులకు రావు. పైపులు, కమ్యూనిటీ గది లాంటి వాటికి అడగండి.

ప్రభుత్వం వైపు, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, నకలు మున్సిపల్ కమిషనర్‌కు. భారత్‌నెట్ గ్రామాల కోసం పెట్టింది, టిడ్కో కాలనీ పట్టణ గృహ పథకం కిందిది. కాబట్టి భారత్‌నెట్ పేరుతో అడిగి వెనక్కి రాకండి. కేరళను ఉదాహరణగా చూపండి. 2023 జూన్ 5న మొదలైన కేఫోన్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం కింద అక్కడ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుని, మొదట నియోజకవర్గానికి వంద ఇళ్ల చొప్పున ఎంచుకున్నారు. మన అర్జీ కూడా "కాలనీ మొత్తానికి" అని కాకుండా "ఫలానా బ్లాకులో ఇరవై ఇళ్లకు" అని ఉంటే అధికారి ఫైలు కదిపే అవకాశం ఎక్కువ.

చిరునామా చిక్కు

చాలామంది ఆధార్‌లో ఇంకా పాత పేట చిరునామానే ఉంటుంది. కంపెనీ కుర్రాడు అది చూసి కనెక్షన్ ఇవ్వనంటాడు. కరెంటు బిల్లు, ఇంటి అప్పగింత పత్రం ముందే జిరాక్సులు తీయించి ఒక ఫైల్లో పెట్టండి. అద్దెకున్న వాళ్లను వదిలేయకండి. యజమాని దగ్గర ఒక చీటీ మీద సంతకం తీసుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

కనెక్షన్ వచ్చాక మొదటి వారం

రూటర్‌ను బీరువా పైన మూలకో, వంటగదిలోనో పెట్టనివ్వకండి. ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులవే, ఒక్క రూటర్ సరిపోతుంది. కానీ కాంక్రీటు గోడ సిగ్నల్‌ను మింగేస్తుంది. హాలులో, రెండు గదుల గుమ్మాలు కనిపించే చోట, తల ఎత్తులో పెట్టించండి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్పించి, కొత్తది ఇంటి అక్క చేత్తోనే రాయించండి. కరెంటు పోతే నెట్ పోకుండా 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, పరీక్షలకు చదివే పిల్లలున్న ఇళ్లకు ముందు అది చూడండి.

తర్వాత ఫోన్ల రీఛార్జి మార్పించండి. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో డేటా లేని, కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు తెచ్చాయి. రోజంతా ఇంట్లో ఉండే అవ్వ ఫోన్‌కు, పిల్లల ఫోన్‌కు ఇక డేటా ప్యాకు అవసరం లేదు. వీటిలో చాలావరకు మూడు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టేవి కాబట్టి దీనికీ నిధి నుంచి చేబదులు ఇవ్వాల్సి రావచ్చు. ఈ మార్పు చేయించకపోతే ఇంటికి నెట్ బిల్లు అదనపు ఖర్చు అవుతుంది, ఏడో నెలలో మానేస్తారు.

నెట్ పోతే ఫోన్ చేసి ఊరుకోకండి. ఫిర్యాదు నంబరు తీసుకుని నోట్‌బుక్‌లో తేదీతో రాయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయవచ్చు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. బ్లాకులో ఒకరిని, ఇంటర్ చదివే అమ్మాయైనా సరే, ఈ పుస్తకానికి బాధ్యురాలిగా పెట్టండి. నెలకు ఆమె ఇంటి బిల్లు నిధి నుంచే కట్టండి, ఆ పని విలువ అంత ఉంటుంది.

ఆరో నెల చివర మళ్లీ ఇంటింటికీ వెళ్లి మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడగండి: పోయిన నెలలో రీఛార్జికి, నెట్‌కు కలిపి ఎంతయింది? పాత అంకె పక్కనే కొత్తది రాయండి. పక్క బ్లాకు వాళ్లను పిలిచి కూర్చోబెట్టినప్పుడు ఆ రెండు వరుసల నోట్‌బుక్‌ను వాళ్ల చేతికి ఇవ్వండి.